ప్రాచీన శిలల్లో రాగి అన్వేషణ (భారతదేశం)

భారతదేశంలో చెప్పుకోదగ్గ రాగి నిక్షేపాలు దాదాపు అన్నీ నేల మీద చెట్టూ చేమా పుట్టకముందు ఏర్పడిన శిలల్లోనే ఉన్నాయి. రాజస్థాన్‌లోని ఖేత్రి, జార్ఖండ్‌లోని సింగ్‌భూమ్, మధ్యప్రదేశ్‌లోని మలాంజ్‌ఖండ్, పల్నాడులోని అగ్నిగుండాల ఈ కోవలోవే. ఈ రాళ్ల వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే.

ఇంత పాతరాయిలో రాగి జాడ మొదట పట్టింది భూగర్భ శాస్త్రవేత్తలు కాదు. తోమని రాగిచెంబుకు ఆకుపచ్చ చిలుము పడుతుంది. కొండరాయిలోని రాగి ఖనిజం గాలికీ వానకీ మారినప్పుడు కూడా అలాంటి పచ్చటి పూతే పైకి తేలుతుంది. దాని పేరు మాలకైట్. లోపల గాలీ వానా తగలని రాయిలో ఉండేది చాల్కోపైరైట్, ఇత్తడిలా పసుపుగా మెరుస్తుంది. అందులోని ఇనుము పైపొరల్లో తుప్పుపట్టి ఎర్రటి మట్టిగడ్డలా మిగులుతుంది. ఎరుపు పక్కన ఆకుపచ్చ కనబడిన చోట తవ్వాలని తెలిసినవాళ్లు ఖేత్రి ప్రాంతంలో క్రీస్తుపూర్వం మూడో సహస్రాబ్దిలోనే ఉన్నారు. అక్కడి గణేశ్వర్ తవ్వకాల్లో రాగి బాణపు ములుకులు పెద్దసంఖ్యలో దొరికాయి.

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 1851లో ఏర్పడింది. ఆ సంస్థ ఉద్యోగి వాలెంటైన్ బాల్ 1869లో సింగ్‌భూమ్‌లోని పాత గుంతలను, రాగి కరిగించాక మిగిలిన చిట్టెం దిబ్బలను వర్ణిస్తూ, అవి సరాక్‌లనే జైన గృహస్థుల పని అని రాశాడు. అదే ప్రాంతంలో 1850ల నుంచి ఒకదాని వెంట ఒకటిగా వచ్చిన కంపెనీలు చేతులెత్తేశాయి. పాతవాళ్లు పైపైన ఉన్న మంచి ఖనిజాన్ని అప్పటికే తీసుకుపోయారు. కిందికి ఎంత ఉందో, ఎంత చిక్కగా ఉందో కొలిచే సాధనం కొత్తవాళ్ల దగ్గర లేదు. 1920లలో అక్కడి మోసాబనీ గనిని చేపట్టిన ఇండియన్ కాపర్ కార్పొరేషన్ మాత్రం నిలదొక్కుకుంది. 1972లో అది ప్రభుత్వపరమై హిందుస్థాన్ కాపర్‌లో కలిసింది.

స్వాతంత్ర్యం తర్వాత అన్వేషణ తీరే మారింది. వాగుల్లోని ఒండ్రును జల్లించి అందులో రాగి ఎన్ని పాళ్లుందో చూస్తారు. నేలలో ఉన్న గంధక ఖనిజం సహజంగానే బ్యాటరీలా స్వల్ప విద్యుత్తును పుట్టిస్తుంది, దాన్ని కొలుస్తారు. ఆపైన వజ్రపు ముక్కలు పొదిగిన డ్రిల్లుతో నేలలోంచి కర్రలా పొడవైన రాతి కడ్డీలు తీస్తారు. కడ్డీని నిలువునా రెండుగా చీల్చి, ఒక సగాన్ని పరీక్షకు పంపి, రెండో సగాన్ని పెట్టెలో వరసగా దాచిపెడతారు. టన్ను రాయిలో పది కిలోల రాగి ఉన్నా తవ్వకం గిట్టుబాటయ్యే అవకాశం ఉంది కనుక, ఈ కొలతే గని తలరాత తేలుస్తుంది.

మలాంజ్‌ఖండ్ ఈ పద్ధతుల పెద్ద విజయం. అక్కడ గ్రానైట్‌ను చీల్చుకుని విల్లులా వంగిన తెల్లటి క్వార్ట్జ్ తీగలో రాగి ఉంది. 1982లో ఓపెన్‌కాస్ట్ గని మొదలైంది. రాగితో పాటు దొరికే మాలిబ్డినైట్ అనే ఖనిజాన్ని పరీక్షించి దాని వయసు సుమారు 249 కోట్ల ఏళ్లని తేల్చారు. గ్రానైట్‌తో ముడిపడ్డ ఇలాంటి రాగి నిక్షేపాలు అంత పాత శిలల్లో అరుదు. దేశపు రాగి నిల్వల్లో పెద్ద వాటా ఇక్కడిదే.

మన అగ్నిగుండాల కథ ఇంత కలిసిరాలేదు. వినుకొండ దగ్గరి ఈ గనుల గురించి బెంజమిన్ హేన్ అనే ఆయన 1814లో లండన్‌లో అచ్చయిన తన పుస్తకంలోనే రాశాడు. నల్లమల శ్రేణికి చెందిన రాళ్లలో నల్లకొండ, ధూకొండ దగ్గర రాగి, బండ్లమోటు దగ్గర సీసం ఉన్నట్టు సర్వేక్షణ సంస్థ నిర్ధారించింది. చివరికి గనిగా నడిచింది బండ్లమోటు సీసమే, అదీ తర్వాత మూతపడింది.

ఖేత్రిలోనూ సింగ్‌భూమ్‌లోనూ అగ్నిగుండాలలోనూ కొత్త అన్వేషకుడికి తొలి దారి చూపింది పాతవాళ్ల గుంతలే. ఊరి పక్కన నల్లటి చిట్టెం దిబ్బ కనిపిస్తే రోడ్డు కోసం చదును చేసేముందు భూగర్భ శాఖకూ పురావస్తు శాఖకూ ఒక్క మాట చెప్పండి.