గొంతు వినబడింది, పేరు కనబడలేదు

స్త్రీల గొంతు అనే మాటని మనం ఎన్నో ఏళ్లుగా ఒక ఉపమానంగా వాడుతూ వస్తున్నాం. చరిత్రలో వినబడని గొంతు, కవిత్వంలో కొత్త గొంతు, నొక్కేసిన గొంతు. అచ్చంగా గొంతునే పనిముట్టు చేసుకుని బతికిన ఆడవాళ్ల గురించి మాత్రం మనం రాసుకున్నది తక్కువ. డబ్బింగ్ స్త్రీల శ్రమ గురించి చదువుతూ ఉండగా నాకు దొరికిన మనిషి జూన్ ఫోరే. అమెరికన్ రేడియో, కార్టూన్, టెలివిజన్ నటి. పేరు తెలియకపోయినా ఆమె మీకు పరిచయమే కావచ్చు. ట్వీటీ పిట్టని పెంచుకుంటూ, దాన్ని మింగాలని చూసే సిల్వెస్టర్ పిల్లిని గొడుగుతో బాదే ముసలమ్మ ఉంది కదా, 1955 నుంచి ఆ గ్రానీ గొంతు ఈమెదే.

ఆమె 1917 సెప్టెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టింది. పన్నెండేళ్లకే రేడియో నాటకంలో మాట్లాడింది. కుటుంబం లాస్ ఏంజెలెస్‌కి మారాక, ఇంకా పడుచు వయసులోనే 'లేడీ మేక్ బిలీవ్' అనే పిల్లల కార్యక్రమాన్ని తనే రాసి, తనే వినిపించింది. మనిషి ఎత్తు ఐదడుగులకు లోపే. తెర మీదైతే ఆ శరీరానికి ఏ పాత్రలు ఇవ్వాలో ఇతరులు ముందే నిర్ణయించేసి ఉండేవారు. మైకు ముందు ఆ బెడద లేదు. రాణి కావచ్చు, పిల్లి కావచ్చు, మగపిల్లాడు కావచ్చు. 1950లో వచ్చిన డిస్నీ 'సిండరెల్లా'లో లూసిఫర్ అనే పిల్లి ఆమే.

వార్నర్ బ్రదర్స్ కార్టూన్ల దగ్గర కథ మలుపు తిరుగుతుంది. అక్కడ మెల్ బ్లాంక్ అనే మహా ప్రతిభావంతుడు ఉండేవాడు. జీతం పెంచమని అడిగితే నిర్మాత డబ్బుకి బదులు తెర మీద పేరు ఇచ్చాడని చెప్పుకుంటారు. 1940ల నుంచి ఆ కార్టూన్లలో గొంతుల కింద అతని పేరే పడేది. మిగిలినవాళ్లకి కూలి ముట్టేది గానీ చాలా ఏళ్ల పాటు పేరు పడేది కాదు. ఎల్మర్ ఫడ్‌కి గొంతు ఇచ్చిన ఆర్థర్ బ్రయన్ మగవాడే, అతని పేరూ ఉండేది కాదు. కాబట్టి దీన్ని కేవలం ఆడా మగా లెక్కగా చూడలేం. అయితే ఆ కార్టూన్లలో ఆడపాత్ర మాట్లాడిందంటే, మాట్లాడిన స్త్రీ ఎవరో ప్రేక్షకుడికి తెలిసే దారి మూసేసినట్టే.

ఫోరే కన్నా ముందు గ్రానీకి గొంతు ఇచ్చింది బీ బెనడెరెట్. ఆమె పేరూ పడలేదు. తర్వాత 'ఫ్లింట్‌స్టోన్స్' నమూనా చిత్రంలో బెటీ పాత్రకి ఫోరే మాట్లాడింది. 1960లో సీరియల్ మొదలయ్యేసరికి ఆ పాత్ర బెనడెరెట్‌కి వెళ్లింది. ఇలాంటి చోట ఇద్దరు ఆడవాళ్ల పోటీ అని కథ అల్లడం సులువు. పాత్ర ఎవరికివ్వాలో ఆ ఇద్దరిలో ఎవరూ నిర్ణయించలేదన్నది ఆ కథలో కనబడదు.

ఆమె చేసిన పాత్రల్ని వరసగా చూస్తే స్త్రీ గురించి ఆ సమాజం ఊహించుకున్న బొమ్మలన్నీ కనబడతాయి. ముసలమ్మ, మంత్రగత్తె, వగలాడి, నిస్సహాయురాలైన కన్నెపిల్ల. 1959లో మొదలైన రాకీ, బుల్‌వింకిల్ కార్టూన్లలో గూఢచారి నటాషా ఆమే, కుర్ర ఉడత రాకీ కూడా ఆమే. నాకు బాగా నచ్చింది 1956 నాటి 'బ్రూమ్‌స్టిక్ బనీ'లోని మంత్రగత్తె హేజెల్. ఆమె అద్దాన్ని అడిగేది అందగత్తె ఎవరని కాదు, అందరికన్నా అనాకారి ఎవరని! వయసు మీదపడే కొద్దీ అందం వచ్చేస్తుందేమోనని ఆమె దిగులు. ఆ పగలబడి నవ్వే నవ్వులో సిగ్గు మచ్చుకైనా లేదు.

1960 ప్రాంతంలో మాటెల్ కంపెనీ 'చాటీ కేతీ' అనే బొమ్మని అమ్మకానికి పెట్టింది. వీపు దగ్గరున్న తాడు లాగితే మాట్లాడుతుంది. ఆటకి పిలుస్తుంది, ప్రేమిస్తున్నానంటుంది. ఎవరు తాడు లాగినా ముద్దుగా మాట్లాడే ఆడపిల్ల! గొంతు ఫోరేది. 1963 నవంబరులో 'ట్వైలైట్ జోన్' టెలివిజన్ సీరియల్‌లో 'లివింగ్ డాల్' అనే భాగం వచ్చింది. అందులో ఒక మారుతండ్రి. భార్యనీ, ఆమె కూతుర్నీ మాటలతో కాల్చుకు తినే మనిషి. కూతురి కోసం కొన్న బొమ్మ అతను ఒంటరిగా ఉన్నప్పుడు నువ్వంటే నాకు ఇష్టం లేదంటుంది, తర్వాత చంపుతానంటుంది. చివరికి మెట్ల మీద ఆ బొమ్మ కాలికి తగిలే పడి చస్తాడు. ఈ బొమ్మకీ గొంతు ఫోరేదే. అదే తియ్యదనం. ఆ ఇంట్లో తల్లి పైకి అనలేని మాట బొమ్మ అంటుంది. ఇది స్త్రీవాద కథ అని దాన్ని రాసినవాళ్లు అనుకుని ఉండరు. నేను మాత్రం అలాగే చదువుకుంటాను.

1966లో టెలివిజన్ కోసం తీసిన 'గ్రించ్' కథలో చిన్నారి సిండీ లూ గొంతు కూడా ఆమెదే. తెర మీద ఆమె పేరు లేదు.

మన దగ్గర పరిస్థితి కొంత వేరు. 'భక్త ప్రహ్లాద' (1967)లో ప్రహ్లాదుడైన రోజారమణి, 'మరో చరిత్ర' (1978) నాయిక సరిత తర్వాత ఎందరో కథానాయికలకి గొంతు అరువిచ్చారు. వాళ్ల ముఖాలు జనానికి ముందే తెలుసు. నంది అవార్డుల్లో డబ్బింగ్ స్త్రీలకి విడిగా ఒక బహుమతి కూడా పెట్టారు. అయినా హాల్లో కూర్చున్నవాళ్లు ఏడ్చేది తెర మీది ముఖాన్ని చూసే. ఏడిపించినదాంట్లో సగం పని ఎవరిదో అడిగేవాళ్లు అరుదు.

ఫోరే తనకి గుర్తింపు రాలేదని ఊరుకోలేదు. అందరికీ గుర్తింపు వచ్చే ఏర్పాట్ల కోసం పనిచేసింది. యానిమేషన్ కళాకారులకి 1972లో మొదలైన ఆనీ అవార్డుల వెనక ఉన్నది ఆమే. పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాలకి ఆస్కార్ ఇవ్వాలని ఏళ్ల తరబడి పట్టుబట్టింది. 2002లో మొదటిసారి ఇచ్చారు, 'ష్రెక్'కి వచ్చింది. ఇలాంటి సంఘాల పనికి కళాచరిత్రల్లో చోటు దొరకదు. కమిటీలు, ఉత్తరాలు, మీటింగులు. మన పత్రికలు నడిపినవాళ్లకి ఆ చాకిరీ తెలుసు.

2000లో రాకీ, బుల్‌వింకిల్ సినిమాగా వచ్చినప్పుడు, ఎనభై రెండేళ్ల వయసులో, మళ్లీ ఆ ఉడత పిల్లాడి గొంతు ఆమే ఇచ్చింది. 2012లో, తొంభై నాలుగో ఏట, 'గార్‌ఫీల్డ్ షో'లో మిసెస్ కాల్డ్రన్ పాత్రకి ఎమ్మీ అవార్డు వచ్చింది. నటిగా అదే ఆమె మొదటి ఎమ్మీ. ఆ పాత్ర కూడా మంత్రగత్తే. 2017 జూలైలో, నూరేళ్లు నిండడానికి రెండు నెలల లోపు ఉండగా, ఆమె చనిపోయింది.