వేర్లు అనే మాట

అమెరికా పడమటి కొండల్లో ఏప్రిల్, మే నెలలొస్తే పొడి నేలల మీద పసుపు పూలు విరగబూస్తాయి. చూడ్డానికి చిన్న పొద్దుతిరుగుడు పువ్వులే. బాణం మొనలాంటి పెద్ద ఆకుల నిండా తెల్లని నూగు ఉంటుంది. ఆ నూగు ఆకులో తడి తొందరగా ఆరిపోకుండా కాపాడుతుంది. ఎండలు ముదిరి పైనున్నదంతా మాడిపోయినా, నేలలోకి లోతుగా దిగిన వేరు బతికే ఉంటుంది. ఇంగ్లీషులో దీని పేరు బాల్సమ్‌రూట్.

పుస్తకాల్లో ఈ మొక్క చరిత్ర 1806తో మొదలవుతుంది. ఆ ఏప్రిల్‌లో మెరివెదర్ లూయిస్ అనే అన్వేషకుడు కొలంబియా నది దగ్గర దీన్ని కోసి, ఎండబెట్టి దాచాడు. ఆ నమూనా ఇప్పటికీ ఫిలడెల్ఫియాలో ఉంది. స్థానికులు దీని కాడను వండకుండానే తింటారని దాని చీటీలో రాసి ఉంది. ఆ స్థానికులు ఎవరో, ఆ మొక్కను ఏమని పిలిచేవారో మాత్రం లేదు. అది తినే మొక్క అని లూయిస్‌కు తెలిసిందే వాళ్ల వల్ల!

నీమీపూ, సేలిష్, కుటెనై ప్రజలు దీని లేత కాడలు, గింజలు, వేర్లు తినేవారు. (నీమీపూలను లోకం నెజ్ పర్స్ అంటుంది. ముక్కు కుట్టించుకున్నవాళ్లని అర్థం. ఫ్రెంచివాళ్లు తగిలించిన పేరు.) వేరు పచ్చిగా తింటే అరగదు. అందుకని గొయ్యి తవ్వి, కాల్చిన రాళ్లు పరిచి, ఆకుల మధ్య వేర్లు పేర్చి, మట్టి కప్పి గంటల తరబడి మగ్గబెట్టేవారు. అప్పుడు అందులోని ఇనులిన్ విరిగి చక్కెర అవుతుంది, వేరు తియ్యబడుతుంది. చేదు దుంపల్ని ముక్కలు కోసి, పారే వాగులో నానబెట్టి విషం పోగొట్టే మన అవ్వలకు ఈ పని కొత్తగా అనిపించదు.

1855లో నీమీపూలు అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారు. ఎవరూ ఆక్రమించని భూముల్లో వేటాడే, వేర్లు, పండ్లు సేకరించే హక్కు అందులో రాయించుకున్నారు. 1860లో బంగారం బయటపడింది. 1863లో వాళ్ల భూమిని దాదాపు పదో వంతుకు కుదించారు. ఆ కాగితం మీద చాలామంది నాయకులు సంతకం పెట్టలేదు. 1877లో సైన్యం తరిమింది. అంత పోయినా, 1855 కాగితంలోని ఆ మాట పోలేదు. దాని బలంతోనే వాళ్లు నేటికీ తమ హద్దుల బయటి ప్రభుత్వ అడవుల్లో వేర్లు తవ్వుకుంటున్నారు.

మన 2006 అటవీ హక్కుల చట్టంలోనూ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వివరణలో వెదురు, తేనె, తునికాకులతో పాటు వేర్లు, దుంపలు ఉన్నాయి. సామూహిక హక్కుల కోసం గ్రామసభకు ఇచ్చే ఫారం బిలో వాటిని రాసుకోవచ్చు. మేము చూసిన కొన్ని దరఖాస్తుల్లో వెదురు, తునికాకు అని రాసి వదిలేశారు. అమ్ముడుపోయేవి గుర్తొచ్చాయి గానీ తినేవి గుర్తు రాలేదు. మీ ఊరి ఫారం ఇంకా నింపకపోతే, దుంపలు తవ్వే ఒక అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చెప్పిన పేర్లు ఆమె చెప్పినట్టే రాయండి.