స్నాతకానంతర యాత్ర

అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదివే తెలుగు విద్యార్థులు పట్టా అందుకునే వేళకు తల్లిదండ్రులను రప్పించుకొని, ఉత్సవం ముగిసిన కొద్ది రోజుల్లోనే వారికి న్యూయార్క్, వాషింగ్టన్, నయాగరా తిప్పి చూపించడం ఇవాళ ఎంత మామూలు వ్యవహారమైందంటే, దీనికీ ఒక చరిత్ర ఉంటుందన్న ఆలోచనే సాధారణంగా ఎవరికీ తట్టదు. ఒక తరం వెనకటి వరకు తల్లిదండ్రులు అమెరికా వెళ్లడమంటే కొడుకు ఉద్యోగంలో కుదురుకొని ఇల్లు కొన్నాకనో, కూతురి పురిటికో వెళ్లడమే తప్ప, పిల్లలు ఇంకా చదువుకుంటూ అద్దె గదిలో నలుగురితో కలిసి ఉంటున్న దశలో వెళ్లడం అరుదు. ఆ దశలోనే జరిగే నేటి యాత్ర ఏ నెలలో జరగాలో, ఏ దారిన సాగాలో, జలపాతాన్ని ఏ గట్టు మీద నుంచి చూడాలో నిర్ణయించినది పిల్లల అభిరుచి కన్నా వలస చట్టమూ, విశ్వవిద్యాలయ పంచాంగమూ, బస్సు టికెట్టూ అని చెప్పడమే సబబు.

పట్టాల పండుగను తెలుగులో స్నాతకోత్సవం అంటున్నాం. గురుకులంలో విద్య ముగించి, సమావర్తన స్నానం చేసి, ఇంటికి మరలడానికి అర్హుడైనవాడు స్నాతకుడు. సమావర్తనమంటేనే తిరిగి రావడం. తెలుగువారి పెళ్లిలో స్నాతకం, కాశీయాత్ర ఒకదాని వెంట ఒకటి వస్తాయి: బ్రహ్మచారి చదువు ముగించి, గొడుగూ చేతికర్రా పట్టుకొని కాశీకి బయలుదేరితే, పెళ్లికూతురి తరఫువారు బతిమాలి వెనక్కు తీసుకువస్తారు. చదువు ముగింపుకూ దూరయాత్రకూ మన ఆచారంలో పూర్వం నుంచీ ముడి ఉన్నదన్నమాట. అయితే పాత క్రమంలో చదువు ముగించినవాడు తల్లిదండ్రుల దగ్గరకు నడిచి వచ్చేవాడు. కొత్త క్రమంలో తల్లిదండ్రులే 20 గంటలు పైబడి ప్రయాణం చేసి స్నాతకుడి దగ్గరకు వెళుతున్నారు.

తొలితరం విద్యార్థుల విషయంలో ఈ రెండూ జరగలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో వైద్య పరిశోధన చదువుకై బోస్టన్ వెళ్లి, 1948లో అమెరికాలోనే మరణించే దాకా మళ్లీ స్వదేశం చూడలేదు. 1917 నాటి అమెరికా వలస చట్టం ఆసియాలోని అధిక భాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించి, విద్యార్థులకు మినహాయింపునిచ్చినా, స్థిరపడే దారిని మూసివేసింది. 1946లో సవరణ వచ్చాక కూడా భారతీయులకు కేటాయించినది ఏడాదికి 100 మంది కోటా మాత్రమే. జాతుల వారీ కోటాలను రద్దుచేసిన చట్టం మీద అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 అక్టోబరు 3న సంతకం చేశాడు. సంతకానికి ఆయన ఎంచుకున్న చోటు స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గరి లిబర్టీ దీవి. తల్లిదండ్రులను వెంటబెట్టుకొని పడవ దిగే విద్యార్థి ఫోటో తీయడానికి నిలబడేది ఆ దీవిలోనే అయినా, తమ రాకకు దారి తెరిచిన కాగితం అక్కడే పుట్టిందని చెప్పే మార్గదర్శి అరుదు.

చట్టం తలుపు తీసినా చేతిలో పైకం లేదు. ఎయిరిండియా న్యూయార్క్‌కు విమానాలు నడపడం 1960 మే నెలలో మొదలైంది గాని, విదేశీ మారకద్రవ్యం కరువైన ఆ కాలంలో ప్రభుత్వం ప్రయాణికుల చేతికి లెక్కపెట్టి డాలర్లిచ్చేది. 1960ల చివర వెళ్లిన విద్యార్థులు జేబులో 8 డాలర్లతో దిగామని చెప్పుకోవడం ఆ తరం ఆత్మకథల్లో దాదాపు ఒక సంప్రదాయం. పిల్లవాడికే 8 డాలర్లు దక్కిన రోజుల్లో తల్లిదండ్రుల విహారం ఊసే లేదు. 2000 జూన్‌లో విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం స్థానంలో సడలింపుతో కూడిన నిర్వహణ చట్టం అమలులోకి రావడం, 2004లో రిజర్వు బ్యాంకు వ్యక్తులు ఏడాదికి 25,000 డాలర్ల దాకా పంపుకోవచ్చని అనుమతించడం, తర్వాత ఆ పరిమితి పదింతలు కావడం ఈ యాత్రకు అసలైన ఆర్థిక పునాది.

తెలుగు ఇళ్లలో పాలు, పెరుగు అన్నంత తేలికగా నోట నానే ఎఫ్-1, బి-2 అనే మాటలు 1952 నాటి వలస చట్టంలోని ఒక సెక్షనులో అక్షర క్రమంలో పేర్చిన ఉపనిబంధనల గుర్తులు: ఎఫ్ అనే అక్షరం కింద విద్యార్థులు, బి కింద తాత్కాలిక సందర్శకులు. అదే చట్టంలోని 214(బి) ప్రకారం సందర్శకుడిగా వస్తానన్న ప్రతివాడినీ, కాదని నిరూపించుకునే దాకా, స్థిరపడడానికి వస్తున్నవాడిగానే అధికారి భావించాలి. అందువల్ల పిల్లల స్నాతకోత్సవ ఆహ్వానపత్రంతో పాటు పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు డిపాజిట్ల రసీదులు, ఆస్తి విలువ మీద చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన ధ్రువపత్రం, ఊళ్లోనే ఉన్న మరో సంతానం ప్రస్తావన కలిపి ఒక ఫైలు తయారవుతుంది. రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూలో ఆ ఫైలును అధికారి తెరవకపోవడమే ఎక్కువ. 2008 అక్టోబరులో హైదరాబాద్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచి, ఆపైన వీసా ఇంటర్వ్యూలు మొదలయ్యే దాకా ఈ రెండు నిమిషాల కోసం తెలుగువారు మద్రాసు రైలు ఎక్కవలసి వచ్చేది. మొక్కు మాత్రం ఇక్కడే తీరేది: చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక చెప్పి 11 ప్రదక్షిణలు, నెరవేరాక 108. 2023 మార్చిలో కాన్సులేట్ నానక్‌రామ్‌గూడ భవనానికి మారింది. కోవిడ్ తర్వాత సందర్శక వీసా ఇంటర్వ్యూ తేదీ కోసం వందల రోజులు ఆగవలసి వచ్చిన 2022–23 కాలంలో, ఉత్సవం ముందు జరిగిపోయి వీసా తర్వాత వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. బ్యాంకాక్ వెళ్లి ఇంటర్వ్యూకు హాజరైనవారూ ఉన్నారు.

విశ్వవిద్యాలయాల్లో అత్యధికం మే నెల మధ్యలో ఉత్సవం జరుపుతాయి. తెలుగునాట అది కొత్తావకాయ కలిపే కాలం. ఈ రెండు పంచాంగాలు కలవడం కేవలం యాదృచ్ఛికమే అయినా దాని ఫలితం చిన్నది కాదు: 23 కిలోల పెట్టెలో ఉత్సవానికి కట్టుకోవలసిన చీర అడుగున, మూడు పొరల ప్లాస్టిక్ కవర్లలో బిగించి, టేపు చుట్టి, ఇంకా ఊట దిగని ఆవకాయ సముద్రం దాటుతుంది. దిగిన విమానాశ్రయంలో అధికారి సాధారణంగా ఆరు నెలల గడువు ఇస్తాడు. ఈ గడువును నమోదు చేసే ఐ-94 పత్రం పూర్వం పాస్‌పోర్టులో కుట్టిన కాగితం. 2013 నుంచి విమానాల్లో వచ్చేవారికి అది కంప్యూటరులోని నమోదే.

కారులేని విద్యార్థి, క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయడానికి వీలులేని విద్యార్థి, ఇద్దరు పెద్దలను తిప్పాలంటే ఆధారం బస్సు. న్యూయార్క్ చైనాటౌన్ నుంచి బయలుదేరే, చైనా వలసదారులు తమవారి కోసం మొదలుపెట్టిన పర్యటన బస్సులు భారతీయులకూ వరప్రసాదమయ్యాయి. ఒకే గదిలో సర్దుకునేవారిలో ఇద్దరు టికెట్టు కొంటే మూడోవారికి ఉచితమన్న వాటి పద్ధతి తల్లి, తండ్రి, బిడ్డ అన్న లెక్కకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. మార్గదర్శి మాండరిన్‌లోనూ ఇంగ్లీషులోనూ చెప్పినదాన్ని పిల్లలు సగానికి కుదించి తెలుగులో చెబుతారు. వాషింగ్టన్‌లో శ్వేతభవనం ఇనుప కమ్ముల బయట 15 నిమిషాలు, లింకన్ స్మారకం మెట్ల మీద మరికొంతసేపు ఆగి బస్సు కదులుతుంది. నయాగరా దారిలో కార్నింగ్ అనే ఊళ్లోని గాజు ప్రదర్శనశాల దగ్గర ఆగడం ఆనవాయితీ. పాలోమార్ దూరదర్శిని కోసం 1934లో పోతపోయగా లోపం తేలి పక్కన పెట్టిన 200 అంగుళాల గాజు బిళ్ల ఇప్పటికీ అక్కడే ఉన్నది. మధ్యాహ్నం ఆగిన చోట చైనా బఫేలో తినదగినది వెతకడం కన్నా తెల్లవారుజామున కలిపి తెచ్చిన పులిహోర విప్పడమే మేలని పెద్దలు తేలుస్తారు.

సొంత కారో అద్దె కారో ఉన్నవారి దారి వేరు. అది పిట్స్‌బర్గ్ మీదుగా వంపు తిరుగుతుంది. పెన్ హిల్స్ గుట్ట మీద 1970ల రెండో సగంలో తిరుమల తిరుపతి దేవస్థానం తోడ్పాటుతో వెలసిన వేంకటేశ్వరాలయం విహారానికి తీర్థయాత్ర హోదా తెచ్చిపెట్టింది. న్యూయార్క్‌లో 1977 జులై 4న ప్రతిష్ఠ జరిగిన ఫ్లషింగ్ వినాయకుడి గుడి కింది అంతస్తు క్యాంటీన్ దోసెలు పెద్దల జిహ్వకు ఆసరా. ఖర్చును వృథా అనుకునే తండ్రికి ఆ దర్శనం ఒక సమాధానం. కాశీకి తీసుకువెళ్లడం బిడ్డల ఋణమని నమ్మిన తరానికి గుడిలేని యాత్ర అసంపూర్ణంగానే తోస్తుంది.

నయాగరా 19వ శతాబ్దం నుంచీ అమెరికన్లకు కొత్త దంపతుల క్షేత్రం. తెలుగువారు దాన్ని అమ్మానాన్నల క్షేత్రం చేశారు. ఒకప్పుడు ఒడ్డు పొలాల యజమానులు కంచెలు కట్టి, చూపుకింత అని వసూలు చేసేవారు. వారి పట్టు విడిపించాలని ఉద్యాన శిల్పి ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ వంటివారు సాగించిన ఉద్యమం వల్ల 1885లో న్యూయార్క్ రాష్ట్రం ఆ నేలను కొని అందరికీ తెరిచింది. అయితే అమెరికా గట్టు నుంచి జలపాతం పక్కవాటుగా కనిపిస్తుందే గాని ఎదురుగా కాదు. ఎదురుదృశ్యం 1941లో కట్టిన రెయిన్‌బో వంతెన అవతల, కెనడా గట్టున ఉంది, అక్కడికి తల్లిదండ్రులకూ విద్యార్థికీ కూడా విడిగా కెనడా వీసా కావాలి. ఈ కొరత తీర్చడానికే అన్నట్టు 1961లో లోయలోకి చొచ్చుకువచ్చేలా కట్టిన ప్రాస్పెక్ట్ పాయింట్ గోపురం నిలిచి ఉంది. దాని అడుగు నుంచే 1846లో రేవుపడవగా మొదలై, లోయ మీద తొలి వంతెన వచ్చాక బేరం పోయి విహారనౌకగా మారిన మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ బయలుదేరుతుంది. చీర మీద నీలిరంగు పలచటి ప్లాస్టిక్ తొడుగు, కొంగు లోపలికి దోపి, తుంపర్లకు మసకబారిన కళ్లద్దాలు పదేపదే తుడుచుకుంటూ తల్లి. ఫోను తడవకుండా కవరులో చుట్టి గుండెకు హత్తుకున్న తండ్రి: ఏ తెలుగు ఇంటి గోడ మీది ఫోటోలోనైనా కనిపించే దృశ్యమిది.

ఆ నీరు కూడా గడియారం చూసుకొని దూకుతుంది. విద్యుత్తు కోసం నీటిని మళ్లించుకునే అమెరికా, కెనడాలు 1950లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 8 నుంచి రాత్రి 10 గంటల వరకు, ఆ తర్వాత అక్టోబరు చివరి దాకా రాత్రి 8 వరకు, సెకనుకు లక్ష ఘనపుటడుగుల నీరు తగ్గకుండా జలపాతం మీదుగా పోవాలి. మిగిలిన వేళల్లో సగం చాలు. సెకనుకు ఒక ఘనపుటడుగు అన్న లెక్కను మనవారు క్యూసెక్కు అంటారు. 2009 అక్టోబరు వరదలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు పోవడం గట్టున నిలబడి చూసిన కృష్ణాజిల్లా తండ్రికి ఈ లక్ష అంకె పెద్దగా ఆనదు. కాకపోతే కృష్ణ అక్కడ అంత ఎత్తు నుంచి దూకదు.