బల్ల మీద లోకో షెడ్డు

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు మార్గం పడింది. మన సనత్‌నగర్, హఫీజ్‌పేట, లింగంపల్లి ఆ దారిలోవే. 1893లో లాలాగూడ వర్క్‌షాపు వచ్చింది. 1930లో మార్గం కంపెనీ నుంచి నిజాం ప్రభుత్వం చేతికి, స్వాతంత్ర్యం తర్వాత కేంద్రానికి, 1966లో దక్షిణ మధ్య రైల్వేకి మారింది. ఇదంతా పుస్తకాల్లో ఉంది. ఇంజను రాత్రి ఎక్కడ పడుకునేది, పొద్దున దాన్ని ఎవరు లేపేవారు అన్నదే ఎవరూ పెద్దగా రాయలేదు. మన బడి స్వర్ణోత్సవ ప్రదర్శనకు రైలు నమూనా చేయమన్నప్పుడు, స్టేషను కాకుండా లోకో షెడ్డు కడతానన్నది అందుకే.

ఆవిరి ఇంజను మీట నొక్కితే కదిలేది కాదు. చల్లారిన బాయిలరు కింద నిప్పు రాజేసి ఆవిరి పట్టించడానికి గంటలు పట్టేది. పని ముగించుకొచ్చిన ఇంజను ముందు బూడిద గుంత మీద ఆగేది. కణకణలాడే బొగ్గునీ బూడిదనీ మనుషులు కిందికి లాగేవారు, మన మే నెల ఎండల్లో కూడా. తర్వాత బొగ్గు, నీళ్ళు, చక్రం జారకుండా పట్టాల మీద వదలడానికి పొడి ఇసుక. ముఖం తిప్పడానికి టర్న్‌టేబుల్. నమూనాలో ఇవన్నీ అమర్చకపోతే షెడ్డు కాస్తా పొగగొట్టాలున్న గోడౌను అవుతుంది.

నాది ఫలానా షెడ్డుకు నకలు కాదు. స్కేలు 1:87. డబ్ల్యూపీ ఇంజను టెండరుతో కలిపి సుమారు 24 మీటర్లు, అంటే బల్ల మీద 27 సెంటీమీటర్ల పైచిలుకు. రెండు ఇంజన్లు వరసగా నిలబడేలా లోపలి లైను 60 సెంటీమీటర్లు పెట్టాను. మనిషి దిగి ఇంజను అడుగుభాగం చూసే పిట్ మీటరు లోతు అనుకుంటే పదకొండున్నర మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డులో కోస్తే సరిపోయింది. ఇంజను పొగగొట్టం ఆగే చోటికి సరిగ్గా పైన కప్పుకు పొగగూళ్ళు. లైట్ల వైర్లు బాగుచేసుకోవడానికి కప్పు ఊడివస్తుంది.

అసలు పేచీ పట్టాల దగ్గర వచ్చింది. ఈ స్కేలుకి దొరికే రెడీమేడ్ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 87తో గుణిస్తే 1435. మన బ్రాడ్‌గేజ్ 1676. అంటే 19.3 మిల్లీమీటర్లు ఉండాలి. మూడు మిల్లీమీటర్లు ఎవరు చూస్తారు, పిల్లలకి రైలు పరిగెత్తాలి గానీ, అన్నారు కమిటీలో మిత్రులు. పరిగెత్తాలన్న మాట నిజమే. కానీ ఇరుకు పట్టాల మీద ఆ ఇంజను నిలబెడితే అది నిజాం దారి కాదు, ఇంగ్లాండు దారి.

1435 గేజ్ మన ఊళ్ళోనే ఉంది, కూకట్‌పల్లి నెత్తిమీద! 2017 నవంబరులో మియాపూర్ నుంచి మొదలైన మెట్రోది అదే కొలత. అందుకని పై వంతెన మీద 16.5 పట్టాలు వేసి మెట్రో పరిగెత్తించాను. కింద షెడ్డులో స్కేలుతో కొలిచి 19.3 పట్టాలు చేత్తో అతికించాను. ఆ ఇంజను కదలదు. దేశంలో బ్రాడ్‌గేజ్ ఆవిరి 1995లోనే ఆగిపోయింది కాబట్టి దానికి కదలకపోయే హక్కు ఉందని కమిటీని ఒప్పించాను.

నమూనా ఫిజిక్సు ల్యాబులో ఉంటుంది. లాలాగూడ, మౌలాలి, కాజీపేటల్లో పనిచేసి రిటైరైన పెద్దవాళ్ళు మీ ఇళ్ళలో ఉంటే ఆ రోజు తప్పక తీసుకురండి. కప్పు ఎత్తి చూపిస్తాను. బూడిద గుంత పక్కన పార ఎటువైపు ఆనించాలో వాళ్ళనే అడగాలి.