కొండపల్లి బొమ్మకు ముందు: పొణికి కొయ్య నిల్వ

కొండపల్లి బొమ్మల చరిత్రను రంగులతోను, పురాణపాత్రలతోను చెప్పడం పరిపాటి. కొయ్యను నిల్వచేసే పనిని మన పరిశోధకులు అంతగా పట్టించుకోలేదు. రెడ్డిగూడెం, మైలవరం, కొండపల్లి గల కృష్ణా మెట్టసీమలో ఈ కళకు ఆధారం కొండపల్లి కొండల తెల్లపొణికి. అది తేలికైన, మెత్తని కొయ్య. మెత్తదనమే దాని బలహీనత కూడా. పచ్చి దుంగలను నేలచెమ్మ తగిలేటట్లు, గాలి ఆడకుండా పేర్చితే బూజు పడుతుంది, రంగు మారుతుంది. అందుచేత ముందు ఆరబెట్టి, చెక్కబోయేముందు సన్నని సెగపై కాచి, మిగిలిన చెమ్మను తీస్తారు. అంబారీ ఏనుగునే చూడండి: తొండం, కాళ్లు, పైనున్న మనుషులు వేర్వేరు ముక్కలు. చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపిన మక్కుతో వాటిని అతుకుతారు. చెమ్మ మిగిలిన కొయ్య తరువాత కుంచించుకొంటే అతుకు విడిపోతుంది. 2007లో లభించిన భౌగోళిక గుర్తింపు బొమ్మ పేరుకు రక్షణ ఇచ్చింది గాని చెట్టుకు ఇవ్వలేదు. పొణికి తరిగిపోతున్న నేడు, కుప్పలో పాడైన దుంగకు బదులు మరొకటి తెచ్చుకోవడం కళాకారునికి సులభం కాదు.