కాన్వెంటులో ఆ ఒక్క పీరియడ్

మా విసాపూర్ ఇంట్లో ఇప్పటికీ అప్పుడప్పుడు లేచే ముచ్చట ఒకటుంది. 1960ల చివర్లో మా పెద్దత్తను సికింద్రాబాద్‌లో సిస్టర్లు నడిపే ఒక ఆడపిల్లల హైస్కూల్లో వేశారు. హాస్టల్ కూడా అక్కడే. బల్లార్షాలో రైలెక్కి కాజీపేట మీదుగా పోవాలి. 1929లో ఆ లైను పూర్తయినప్పటి నుంచి చదువుకైనా చుట్టరికానికైనా మనవాళ్ళకు అదే దారి. నాయనమ్మకు మాత్రం ఒకటే భయం: "పిల్లను వాళ్ళ మతంల కలుపుకుంటరేమో."

ఆ భయంలో ఎంత నిజముంది, ఆ బళ్ళల్లో మతం పేరుతో అసలు ఏం నేర్పేవాళ్ళు అని ఈమధ్య కాస్త చదివాం. మనలాగే బయటి రాష్ట్రాల్లో పిల్లలను కాన్వెంట్లకు పంపే ఇళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాం.

తెలుగు ప్రాంతాల్లో ఈ బళ్ళు పాతవే. ఇటలీలోని ట్యూరిన్‌లో మొదలైన సెయింట్ ఆన్స్ సిస్టర్లు 1871లో సికింద్రాబాద్ వచ్చి బడి పెట్టారు. హాలండ్ నుంచి జె.ఎం.జె. సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. మా చందా వైపు కథ వేరు. 1962లో ఈ ప్రాంతాన్ని కేరళకు చెందిన సీరో-మలబార్ సభకు అప్పగించారు. ఆదిలాబాద్ కూడా చాలా ఏళ్ళు చందా కిందే ఉండి, 1999లో వేరే మేత్రాసనమైంది. అందుకే మా వైపు కాన్వెంట్లలో మలయాళీ సిస్టర్లు ఎక్కువ. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, బడి ప్రార్థన ఇంగ్లీషు. ఈ కలగాపులగం మనకు కొత్త కాదు.

ఇక ఆ పీరియడ్ సంగతి. బెల్లు కొట్టగానే క్లాసు రెండుగా చీలేది. కతోలిక పిల్లలు సత్యోపదేశానికి ఒక గదిలోకి పోయేవాళ్ళు. పరలోక జపం, మంగళవార్త జపం, పది ఆజ్ఞలు, ఏడు దివ్య సంస్కారాలు, అన్నీ కంఠతా రావాలి. మిగతా పిల్లలకు ఇంకో గదిలో మోరల్ సైన్స్. అబద్ధం ఆడొద్దు, పెద్దల మాట వినాలి, గోళ్ళు కత్తిరించుకోవాలి. "ఆ అర్రల పాటలుండె, మా అర్రల నీతులుండె" అంటుంది పెద్దత్త.

ఈ చీలిక సిస్టర్లు సరదాకి పెట్టింది కాదు. 1854 నాటి వుడ్ డిస్పాచ్ మిషన్ బళ్ళకు కూడా గ్రాంటుకు దారి తెరిచింది. మతం గురించి ఏం చెప్తున్నారని సర్కారు అడగదు, మామూలు చదువు బాగుంటే చాలు. 1882 నాటి హంటర్ కమిషన్ ఏ మతానికీ కట్టుబడని నీతి పుస్తకం ఒకటి తయారు చేయమంది. మోరల్ సైన్స్‌కు వేరు అక్కడే ఉందని మాకనిపిస్తుంది. తరవాత రాజ్యాంగం 28వ అధికరణం వచ్చింది. పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. మేము చదివింది సర్కారు బడి, అందుకే మాకు ఆ పీరియడే తెలియదు. గుర్తింపు ఉన్న, గ్రాంటు తీసుకునే ప్రైవేటు బడిలో మతబోధ ఉండొచ్చు, కానీ ఎవర్నీ బలవంతంగా కూర్చోబెట్టకూడదు. మైనరైతే గార్డియన్ ఒప్పుకోవాలి.

చర్చి కూడా అదే కాలంలో మారుతోంది. రెండో వాటికన్ సభ 1965 అక్టోబర్ 28న ఒకే రోజు రెండు పత్రాలు వెలువరించింది. ఒకటి క్రైస్తవ విద్య మీద. రెండోది ఇతర మతాల మీద, వాటిలోని సత్యాన్ని, పవిత్రతను చర్చి తోసిపుచ్చదని. పెద్దత్త హాస్టల్లో చేరింది ఆ తరవాత కొద్ది ఏళ్ళకే. అంటే నాయనమ్మ భయపడ్డ చర్చి అప్పటికే కొంత వేరే చర్చి. ఈ మాట నాయనమ్మకు చెప్పేవాళ్ళెవరు?

మాకు తట్టిన చిక్కు ఇంకోటి. చట్టం అడిగేది గార్డియన్‌ని. పద్నాలుగేళ్ళ పిల్లను కాదు. పెద్దత్తకు తన స్నేహితురాలితో పాటు ఆ గదిలో కూర్చోవాలని ఉండేది. సెలవులకు వచ్చినప్పుడు "బాపూ, నేను గూడ ఆ అర్రల కూసుంట" అని అడిగింది. తాత కాగితం మీద సంతకం పెట్టలేదు. పెట్టకపోవడం ఆయన హక్కే, తప్పు పట్టం. ఆ స్నేహితురాలిది గుంటూరు వైపు కతోలిక కుటుంబం. ఆమెకేమో జపాలన్నీ ఇంట్లోనే వచ్చేశాయి, మోరల్ సైన్స్ గదికి రావాలని కోరిక. ఆమెనూ ఎవరూ అడగలేదు.

పెద్దత్త మతం మారలేదు. బతుకమ్మ ఆడింది, పెళ్ళి చేసుకుంది, విసాపూర్ తిరిగొచ్చింది. మా చిన్నప్పుడు రాత్రిపూట ఒక కథ చెప్పేది. రాజురా దారిలో దొంగలు ఒకతన్ని కొట్టి పడేస్తారు, పెద్దమనుషులు చూసి కూడా తప్పుకుని పోతారు, ఎవరూ ఇంట్లోకి రానివ్వనివాడు వచ్చి కట్టు కడతాడు. ఇది మన ఊరి కథే అనుకున్నాం. లూకా సువార్త చదివినప్పుడు గానీ తెలియలేదు, అది జెరికో దారి అని.

ఏ గదిలో విన్నావు అత్తా అని మొన్న అడిగాం. ఏ గదిలోనూ కాదంట. హాస్టల్లో దీపాలార్పినాక, పక్క మంచం మీది గుంటూరు పిల్ల చెప్పిందంట.