టికెట్టు లేని ప్రయాణికుడు – చట్టం, చరిత్ర

సైదాబాద్ నుంచి పాతబస్తీ వైపు నడిస్తే మొదట చంచల్‌గూడ జైలు గోడ వస్తుంది. ఆ తర్వాత డబీర్‌పురా, యాకుత్‌పురా స్టేషన్లున్న రైలుపట్టాలు వస్తాయి. ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉండడం కాకతాళీయమే. కాని టికెట్టు లేకుండా బండెక్కిన పేదవాడికి వీటి మధ్య దూరం ఎంత తక్కువో తెలియాలంటే చట్టాన్నే కాదు, దాని వెనుక చరిత్రనూ చదవాలి.

వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు 1874లో వచ్చింది. 1883లో దాన్ని లండన్‌లో ఏర్పడిన కంపెనీకి అప్పగించే ఒప్పందం కుదిరింది. కంపెనీ పేరులోనే అసలు సంగతి ఉంది: ‘నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’. గ్యారంటీ ప్రయాణికుడికి కాదు, వాటాదారుకు. బండి నిండినా నిండకపోయినా పెట్టుబడి మీద 20 ఏళ్ళపాటు 5 శాతం ముట్టజెప్పే పూచీ సంస్థానానిది. ఆ సొమ్ము రైతు కట్టిన శిస్తులోంచి రావలసిందే. రైలు ఎన్నడూ ఎక్కనివాడు కూడా ఆ రైలుకు బాకీదారయ్యాడు. ఈ చాందా రైలు ఒప్పందం వివరాలు జనానికి తెలియాలని ఆందోళన చేసినవారిలో ముఖ్యుడు అఘోరనాథ చట్టోపాధ్యాయ, సరోజినీ నాయుడి తండ్రి. 1883లో ఆయన్ని హైదరాబాదు నుంచి బహిష్కరించారు. లెక్క అడగడమే నేరమైంది!

ఆ దశాబ్దం ముగిసేసరికి బ్రిటిష్ ఇండియాలో 1890 రైల్వే చట్టం వచ్చింది. మోసపు ఉద్దేశంతో టికెట్టు లేకుండా ప్రయాణించడం 112వ సెక్షన్‌లోనూ, కేవలం టికెట్టు లేకపోవడం 113లోనూ వేరువేరుగా చూపారు. నిజాం రైల్వేను సంస్థానం 1930లో కొనుక్కుంది. 1950లో అది కేంద్రప్రభుత్వం చేతికి వచ్చింది. యజమాని మారాడు, చట్టం చాలాకాలం మారలేదు. 1989లో కొత్త చట్టం చేసినప్పుడూ ఆ రెండు అరలను అట్లాగే ఉంచారు. 137వ సెక్షన్ కింద మోసపు ఉద్దేశం రుజువైతే ఆరు నెలల వరకు ఖైదు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 138 కింద ఉద్దేశంతో పనిలేదు. చార్జీకి తోడు అదనపు రుసుము చెల్లిస్తే సరి. ఆ రుసుము 2004 నుంచి కనీసం 250 రూపాయలు. చెల్లించకపోతే మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళాలి. అక్కడా కట్టలేకపోతే పది రోజులకు తగ్గకుండా నెల వరకు ఖైదు.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. ఉద్దేశాన్ని తూచడానికి చట్టం పెట్టిన త్రాసు ఆచరణలో జేబును తూస్తున్నది. కొన్నేళ్ళ కిందట మా బడిలో చదివే ఒక పిల్లవాడి తండ్రి నగరంలోని ఒక స్టేషన్‌లో పట్టుబడ్డాడు. ఆరోజు అడ్డా మీద అతనికి కూలి దొరికింది. టికెట్ల కిటికీ దగ్గర బారు కదల్లేదు, బండి వచ్చేసింది, పని పోతుందని ఎక్కేశాడు. అదే పెట్టెలో దొరికిన మరొకాయన నోటు తీసి ఇచ్చి, రసీదు పుచ్చుకొని వెళ్ళిపోయాడు. ఇతణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టారు. కబురందుకుని నేను వెళ్ళి డబ్బు కట్టేదాకా అతడన్నది ఒకటే మాట: “నేను దొంగను కాను సారూ.” ఆ రెండో ఆయనకు ఆ మాట అనవలసిన అవసరమే రాలేదు.

టికెట్టు ఒక ఒప్పందం. ఒప్పందానికి రెండు వైపులుంటాయి. 1917లో గాంధీ బొంబాయి నుంచి మద్రాసుకు 13 రూపాయల 9 అణాలిచ్చి మూడో తరగతిలో ప్రయాణించి, అనుభవం రాశాడు. 22 మందికని రాసి ఉన్న పెట్టెలో, ఆనాడు నిజాం రాజ్యంలోనే ఉన్న రాయచూరు దాటాక, ఒత్తిడి భరించరానిదైంది. డబ్బు పుచ్చుకుని చోటు ఇవ్వనందుకు ఏ రైల్వే అధికారినీ మోసగాడని ఎవరూ బోనెక్కించలేదు. ప్రయాణికుడు మాట తప్పితే నేరం. రైలు మాట తప్పితే అసౌకర్యం!

ఇది టికెట్టు కొనవద్దని చెప్పడం కాదు. నేటి రైలు లండన్ వాటాదారుది కాదు, మనది. దానికి ఎగనామం పెడితే నష్టం మనకే. స్తోమత ఉండీ ఎగవేసేవాణ్ణి వెనకేసుకురానక్కరలేదు. కాని పట్టుబడిన పేదవాడికి తన హక్కులు తెలియాలి. తప్పనిసరై ఎక్కవలసివస్తే ముందే రైల్వే ఉద్యోగికి చెప్పి, తర్వాత చార్జీ కట్టే షరతు మీద అనుమతిపత్రం తీసుకునే వీలు 55వ సెక్షన్‌లో ఉంది. 139 ప్రకారం మగతోడు లేని స్త్రీనిగాని, పిల్లలనుగాని రాత్రిపూట బండి దించరాదు. పగలైనా ఏ స్టేషన్‌లో పడితే ఆ స్టేషన్‌లో దించరాదు. నిర్బంధంలో ఉన్నవారికి 1987 న్యాయసేవల చట్టం కింద ఉచితంగా వకీలు దొరకాలి. తెలియక, భయపడి, చేయని మోసాన్ని ఒప్పుకోవలసిన పనిలేదు.

వాటాదారుకు నష్టం రాకుండా రాజ్యం పూచీపడ్డ చరిత్ర మనది. కట్టలేనివాడు ఆ కారణానికే జైలుకు పోకుండా పూచీపడడం ప్రజారాజ్యానికి మించిన భారమా? లేమిని మోసంగా లెక్కకట్టినంతకాలం చంచల్‌గూడ గోడకూ రైలుపట్టాకూ మధ్య దూరం పెరగదు.